మా ఇంటి ఎయిర్‌సాఫ్ట్ గోడ: తరచుగా అడిగే ప్రశ్నలు

డల్లాస్ శివార్లలో మా ఇంటి మేడ మీద ఒక చిన్న గది ఉంది. ఆ గదిలో ఒక గోడ మొత్తం ఎయిర్‌సాఫ్ట్ గన్లు, వాటి సామాను. భోజనానికి వచ్చిన స్నేహితులు, వాళ్ల పిల్లలు, గుంటూరు నుంచి ఫోన్ చేసే చుట్టాలు అందరూ ఇంచుమించు ఇవే ప్రశ్నలు అడుగుతారు. అడిగిన ప్రతిసారీ సంతోషంగానే చెబుతాను కానీ, హడావిడిలో ముఖ్యమైనవి వదిలేస్తున్నానని అనిపించి అన్నీ ఒక్కచోట రాస్తున్నాను. నేను పోటీలు ఆడేవాణ్ణి కాను. వీలు కుదిరిన శనివారం ఫీల్డుకు, అంటే ఈ గన్లతో ఒకరినొకరు కాల్చుకుంటూ ఆడే మైదానానికి, వెళ్తాను, మిగతా రోజుల్లో సాయంత్రాలు వీటిని విప్పి, తుడిచి, మళ్లీ బిగిస్తుంటాను. ఆ మేరకు తెలిసిన విషయాలే ఇవి.

ఇవి నిజం తుపాకులా?

కావు. నిజం తుపాకీలో మందు పేలి సీసపు గుండు బయటికొస్తుంది. వీటిలో మందు లేదు, సీసం లేదు. స్ప్రింగుతోనో గ్యాసుతోనో తోసిన గాలి, 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గోళీని ముందుకు విసురుతుంది. ఆ గోళీని అందరూ బీబీ అంటారు. మామూలుగా 0.20 గ్రాముల నుంచి 0.30 గ్రాముల వరకు బరువుంటుంది.

తేడా ఎంతో లెక్కలో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. 0.20 గ్రాముల బీబీ సెకనుకు 400 అడుగుల వేగంతో వెళ్తే దాని శక్తి సుమారు 1.5 జౌళ్లు. పాత త్రీ నాట్ త్రీ రైఫిల్ గుండుది మూడు వేల జౌళ్ల పైమాటే.

అయితే ఒకటి. చూపుకు మాత్రం ఇవి అచ్చం తుపాకులే. పదడుగుల దూరం నుంచి చూసి తేడా చెప్పడం పోలీసులకే కష్టం. కింద రాసిన జాగ్రత్తలన్నీ ఆ ఒక్క కారణంతో పుట్టినవే. శక్తిలో బొమ్మే కావచ్చు, వాడే పద్ధతిలో మాత్రం నిజం తుపాకీ అనుకునే వాడాలి. ఈ గోడ పెట్టుకునేటప్పుడు నాకు నేను పెట్టుకున్న మొదటి షరతు ఇదే.

ఇంత వయసొచ్చాక ఈ సరదా ఏంటి బావా?

ఈ ప్రశ్న మా మరదలిది. తిరునాళ్లలో బుడగలు కాల్చే బండి దగ్గర ఎవరైనా ఆగుతారు కదా. అట్ట మీద వరసగా రంగు బుడగలు, చేతిలో బరువైన ఎయిర్ గన్, ఊపిరి బిగబట్టి ట్రిగ్గర్ నొక్కడం, టప్‌మన్న చప్పుడు. నాంపల్లి నుమాయిష్‌లోనూ, విశాఖ బీచ్‌లోనూ నేను ఆ బండి దగ్గరే ఎక్కువసేపు నిలబడేవాణ్ణి. గురి కుదిరినప్పుడు కలిగే ఆనందానికి వయసుతో పనిలేదు.

కానీ నన్ను పట్టి ఉంచింది గురి ఒక్కటే కాదు, లోపలి యంత్రం. నా ఉద్యోగం అంతా తెర మీద కనిపించే అక్షరాలతోనే. ఇక్కడ చేతికి గేరు తగులుతుంది, గ్రీజు అంటుకుంటుంది, స్ప్రింగు ఎదురు తిరుగుతుంది. ఒక పళ్ల చక్రం కింద పలుచని వాషరు వేసి గేర్ల గరగర పోగొట్టగలిగితే ఆ వారమంతా మనసు తేలిగ్గా ఉంటుంది.

గోడ మీద ఏమేం ఉన్నాయి?

పైవరస నుంచి చెబుతాను.

అన్నిటికన్నా పైన ఎం4 (అమెరికా సైన్యం వాడే రైఫిల్) ఆకారంలో ఉన్నది తైవాన్ కంపెనీ జీ అండ్ జీ చేసిన సీఎం16 రైడర్. కరెంటు మోటారుతో నడుస్తుంది. ఈ రకాన్ని ఏఈజీ అంటారు. బ్యాటరీ మోటారును తిప్పుతుంది, మోటారు మూడు గేర్లను తిప్పుతుంది, చివరి గేరుకు సగం చుట్టే పళ్లుంటాయి. ఆ పళ్లు పిస్టన్‌ను వెనక్కి లాగి వదిలేస్తాయి, స్ప్రింగు దాన్ని ముందుకు తోస్తుంది, ఆ గాలికి బీబీ ఎగురుతుంది. ఇదంతా సెకనులో పదిహేనుసార్లకు పైగా జరుగుతుందంటే లోపల ఎంత పని నడుస్తుందో చూడండి. జపాన్‌లో టోక్యో మరుయి కంపెనీ 1991లో ఫ్రెంచి సైన్యపు ఫమాస్ రైఫిల్ నమూనాతో ఈ పద్ధతిని మార్కెట్లోకి తెచ్చింది. ఇవాళ ఏ ఫీల్డుకు వెళ్లినా ఎక్కువమంది చేతుల్లో కనిపించేది దీని సంతతే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేదీ ఇదే: మొదటి గన్ ఎం4 ఏఈజీ అయితే విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి, నేర్పేవాళ్లూ దొరుకుతారు.

దాని పక్కన సైమా కంపెనీ ఏకే-47 నమూనా, సీఎం.028. ఒళ్లంతా ప్లాస్టిక్కే, కానీ లోపలి గేర్‌బాక్స్ మొండిది. ఎం4లలో ఉండేది వెర్షన్ 2 గేర్‌బాక్స్, ఏకేలలో ఉండేది వెర్షన్ 3. విప్పి బిగించడం నేర్చుకోవాలంటే వెర్షన్ 3 తేలికని నా అభిప్రాయం. నేను నేర్చుకున్నది దీని మీదే. అందుకే చౌకదైనా దీనికి మంచి చోటు ఇచ్చాను.

మధ్య వరసలో టోక్యో మరుయి హైకాపా 5.1 పిస్టల్. ఇది గ్యాస్‌తో నడిచే బ్లోబ్యాక్. ట్రిగ్గర్ నొక్కగానే పై స్లైడు వెనక్కి కొట్టి ముందుకొస్తుంది. మ్యాగజైన్‌లో, అంటే గన్‌కు తగిలించే బీబీల డబ్బాలో, 31 బీబీలు పడతాయి, గ్యాసూ అందులోనే నింపుతాం. చేతికొచ్చే ఆ కుదుపు కోసమే చాలామంది దీన్ని కొంటారు. ట్రిగ్గర్ ఎంత మెత్తగా, ఎంత తక్కువ దూరంలో పనిచేస్తుందో ఒకసారి నొక్కి చూసినవాళ్లు మర్చిపోరు. నా దృష్టిలో ఈ గోడ మీద పనితనానికి మొదటి మార్కు దీనికే.

దాని కింద వీఎస్ఆర్-10, అదీ మరుయిదే. స్ప్రింగుతో నడిచే బోల్ట్ యాక్షన్ స్నైపర్. ప్రతి బీబీకీ చేత్తో బోల్టు లాగాలి. బ్యాటరీ లేదు, గ్యాస్ లేదు, చప్పుడూ తక్కువే. పక్కన మూడు గొట్టాల స్ప్రింగ్ షాట్‌గన్, సైమాదే. ఒక్కసారి పంపు లాగితే మూడు బీబీలు ఒకేసారి వెళ్తాయి. ఇంటికొచ్చిన పెద్దపిల్లలకు మొదట చూపించేది ఇదే, లోపల ఏం జరుగుతుందో చెప్పడం సులువు.

అన్నిట్లో నీకు బాగా ఇష్టమైంది ఏది?

కింద వరసలో విడిగా ఉన్న చెక్క రైఫిల్. లీ ఎన్‌ఫీల్డ్ నంబర్ 1 మార్క్ 3, ఏరీస్ కంపెనీ ఎయిర్‌సాఫ్ట్ నమూనా. దాన్ని చూడగానే మన తెలుగువాళ్లు ఎవరైనా "ఇది త్రీ నాట్ త్రీ కదా!" అంటారు. పోలీస్ స్టేషన్ వరండాలో కాపలా కానిస్టేబుల్ భుజాన, ఎన్నికల రోజు బడి గేటు దగ్గర, మనందరం చూసిన తుపాకీ అది. బ్రిటిష్ సైన్యం మార్క్ 3ని 1907లో తీసుకుంది. బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో దశాబ్దాల పాటు తయారైంది. నూరేళ్లు గడిచినా మన పోలీసుల చేతుల్లోంచి పూర్తిగా పోలేదు.

ఆటలో దీన్ని వాడటం కష్టం. పొడవు, బరువు, ఒక్కో బీబీకి ఒక్కోసారి బోల్టు తిప్పాలి. ఎదురుగా మోటారు గన్లతో పరిగెత్తే కుర్రాళ్లుంటే చెట్టు చాటునే ఎక్కువసేపు గడపాలి. అయినా ఏడాదికి ఒకసారైనా దీన్నే పట్టుకుని ఆడతాను. చెక్క మీద అవిసె నూనె పలచగా రాసి మెత్తని గుడ్డతో రుద్దితే వచ్చే రంగు చూస్తూ ఎంతసేపైనా కూర్చోవచ్చు. మా నాన్నగారు ఇక్కడికి వచ్చినప్పుడు మిగతా వాటి వైపు చూడలేదు. దీన్ని మాత్రం చేతిలోకి తీసుకుని, బోల్టు లాగి, తను కాలేజీలో ఎన్‌సీసీలో పట్టుకున్న రైఫిల్ గురించి చాలాసేపు చెప్పారు. అంతకుముందు ఆ కబుర్లు నాకు తెలియవు.

అంత చిన్న గోళీ అంత దూరం తిన్నగా ఎలా వెళ్తుంది?

ఈ ఆట మొత్తం నిలబడింది హాప్-అప్ అనే చిన్న రబ్బరు ముక్క మీద. గొట్టం మొదట్లో, బీబీ కూర్చునే చోట, పైనుంచి ఒక రబ్బరు బుడిపె కొద్దిగా కిందికి పొడుచుకుని ఉంటుంది. బీబీ బయటికి వెళ్తూ దానికి రాసుకుంటుంది, దాంతో వెనక్కి తిరుగుతూ ఎగురుతుంది. అలా తిరిగే గోళీకి గాలి పైకి ఎత్తు ఇస్తుంది. దీన్ని మాగ్నస్ ప్రభావం అంటారు. స్పిన్ బౌలర్ వేసిన బంతి గాలిలోనే పక్కకు జరగడం చూస్తాం కదా, అదే సూత్రం ఇక్కడ పక్కకు కాకుండా పైకి పనిచేస్తుంది. అందుకే, హాప్-అప్ లేకపోతే త్వరగా నేలకు దిగిపోయే గోళీ నూట యాభై అడుగుల దాకా కూడా దాదాపు తిన్నగా వెళ్తుంది.

రబ్బరు ఎంత కిందికి దిగాలో తిప్పుకోవడానికి ఒక చిన్న చక్రం ఉంటుంది. ఎక్కువ తిప్పితే బీబీ ఆకాశంలోకి లేస్తుంది, తక్కువైతే ముందే రాలిపోతుంది. బరువైన బీబీ వేస్తే ఎక్కువ తిప్పాలి. కొత్తవాళ్లు "ఈ గన్ బాగాలేదు" అని అమ్మేసే వాటిలో చాలావాటికి జబ్బు ఇక్కడే ఉంటుంది: హాప్-అప్ సరిచేసుకోలేదు, లేదా గొట్టం తుడవలేదు. ఖర్చు పెట్టి స్ప్రింగు మార్చేముందు మెత్తని గుడ్డతో గొట్టం తుడవండి. 0.20 బీబీల బదులు 0.28 వేసి చూడండి. వేగం తగ్గుతుంది, అదే శక్తికి సెకనుకు 350 అడుగులు వెళ్లేది 296కి వస్తుంది. కానీ గాలికి తక్కువ చెదురుతుంది, గురి మెరుగవుతుంది.

తగిలితే నొప్పి పుడుతుందా?

పుడుతుంది. దూరం నుంచి బట్టల మీద తగిలితే చిన్న చురుకు. దగ్గర నుంచి ఒంటి మీద తగిలితే ఎర్రగా కంది, రెండు మూడు రోజులు మచ్చ ఉంటుంది.

కన్ను విషయంలో మాత్రం నొప్పి మాట కాదు, చూపే పోతుంది. ఫీల్డులోకి అడుగుపెట్టినప్పటి నుంచి బయటికి వచ్చేదాకా గాగుల్స్ తీయకూడదు. ఆవిరి పట్టినా, చెమట కారినా, ఆట ఆగినా సరే. చలువ కళ్లద్దాలు, చదువుకునే కళ్లద్దాలు పనికిరావు. ముఖానికి చుట్టూ అతుక్కునే రకం, కనీసం యాన్సీ జెడ్87.1 (కంటి రక్షణకు అమెరికా ప్రమాణం) ముద్ర ఉన్నవే కొనాలి. పెయింట్‌బాల్ మాస్కులకు వర్తించే ఏఎస్‌టీఎం ఎఫ్1776 ప్రమాణం ఇంకా గట్టిది. ఇనప జాలీ గాగుల్స్‌కి ఆవిరి పట్టదని కొందరు వాడతారు, నేను వాడను. నాసిరకం బీబీ పగిలితే ఆ తునక జాలీలోంచి లోపలికి రాగలదు. జాలీ మాస్కు నోటికి మాత్రం మంచిది. పన్ను విరగ్గొట్టుకున్నవాళ్లను చూశాను. అందుకే నోటికి అడ్డం లేకుండా నా వెంట వచ్చే ఎవరినీ ఆడనివ్వను.

గన్లు కాకుండా ఆ సంచులూ బెల్టులూ ఏమిటి?

ఛాతీకి కట్టుకునేది చెస్ట్ రిగ్. నాలుగు మ్యాగజైన్లు, ఒక రేడియో, మంచినీళ్ల సంచి గొట్టం దానికే తగిలిస్తాను. పక్కన ఉన్నది ప్లేట్ క్యారియర్. లోపల ఇనప పలకలు లేవు, నురుగు పలకలే. టెక్సాస్ ఎండలో అది వేసుకుని పరిగెత్తడం తెలివైన పని కాదు కాబట్టి డిసెంబరు, జనవరిలోనే బయటికి తీస్తాను. రెండింటి మీదా వరసగా కుట్టిన పట్టీలను మోలీ అంటారు. ఏ సంచినైనా ఆ పట్టీల్లోంచి అల్లి ఎక్కడ కావాలంటే అక్కడ బిగించుకోవచ్చు.

మోకాళ్ల ప్యాడ్లు, వేళ్లు కప్పే గ్లవ్స్, చీలమండను పట్టి ఉంచే బూట్లు. నన్నడిగితే బూట్లకే ముందు డబ్బు పెట్టండి. ఫీల్డుల్లో దెబ్బలు బీబీల కన్నా గుంతల్లో కాలు మడతపడటం వల్లే ఎక్కువ. చివరగా కొక్కేనికి వేలాడుతున్న ఎర్ర తువాలు. అది గుంటూరు నుంచి తెచ్చుకున్న మామూలు తువాలే. ఆటలో అవుటైనవాళ్లు ఎర్ర గుడ్డ తల మీద వేసుకుని బయటికి నడవాలి, లేకపోతే ఇంకా కాలుస్తూనే ఉంటారు.

తగిలిందో లేదో ఎలా తెలుస్తుంది? పెయింట్ మరక పడదు కదా?

పడదు. తగిలినవాడే చెప్పాలి. చెయ్యెత్తి "హిట్" అని అరిచి, ఎర్ర గుడ్డ వేసుకుని వెళ్లిపోవాలి. అంపైర్ ప్రతి చెట్టు వెనకా ఉండడు, రుజువు ఉండదు. ఆట మొత్తం మనిషి మాట మీదే నడుస్తుంది.

ఈ ఆటలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. పదహారేళ్ల కుర్రాడు ఎవరూ చూడని పొదలో నుంచి తనంతట తానే చెయ్యెత్తి లేచి రావడం చూస్తే గౌరవం కలుగుతుంది. తగిలినా చెప్పని వాళ్లూ ఉంటారు. వాళ్లతో గొడవపడటం, కావాలని మళ్లీ మళ్లీ కాల్చడం తప్పు. మార్షల్‌కు, అంటే ఫీల్డు అంపైర్‌కు, చెప్పి పక్కకు జరగాలి. అలాంటివాళ్లతో ఆడటానికి పది మందీ ఇష్టపడరు, ఆ సంగతి వాళ్లకూ త్వరలోనే తెలుస్తుంది.

ఆట మొదలయ్యేముందు ప్రతి గన్‌నూ క్రోనోగ్రాఫ్ ముందు పెట్టి వేగం కొలుస్తారు. గదుల మధ్య ఆటకు 0.20 గ్రాముల బీబీతో సెకనుకు 350 అడుగులు, బయలు ఫీల్డుకు 400 అనేవి ఇక్కడ తరచుగా కనిపించే హద్దులు. స్నైపర్లకు ఇంకా ఎక్కువ ఇస్తారు, కానీ దగ్గరివాళ్లను కాల్చకూడదన్న షరతుతో. ఫీల్డు ఫీల్డుకూ అంకెలు మారతాయి, వెళ్లేముందు చదువుకోండి. జపాన్‌లో చట్టమే హద్దు పెట్టింది. 2006లో చేసిన సవరణ ప్రకారం 6 మిల్లీమీటర్ల బీబీకి సుమారు 0.98 జౌళ్లు దాటకూడదు. అంత తక్కువ శక్తితో గురి కుదర్చాల్సి వచ్చింది కాబట్టే మరుయి వాళ్ల హాప్-అప్‌లు అంత బాగుంటాయని నా నమ్మకం.

గొట్టం చివర నారింజ రంగు చూడ్డానికి బాగాలేదు. తీసెయ్యొచ్చు కదా?

తీయను. అమెరికా కేంద్ర ప్రభుత్వ నిబంధన ప్రకారం దిగుమతయ్యే, అమ్మే ఎయిర్‌సాఫ్ట్ గన్ల గొట్టం కొసకు కనీసం 6 మిల్లీమీటర్ల మేర కాంతివంతమైన నారింజ రంగు ఉండాలి. ఇంటికి తెచ్చుకున్నాక చాలామంది నిజం తుపాకీలా కనిపించాలని దాన్ని విప్పేస్తారు, నల్ల రంగు పూస్తారు.

2013 అక్టోబరులో కాలిఫోర్నియాలోని శాంటా రోసాలో పదమూడేళ్ల పిల్లవాడు ఏకే ఆకారంలోని ఎయిర్‌సాఫ్ట్ గన్ పట్టుకుని రోడ్డు మీద నడుస్తున్నాడు. దానికి నారింజ కొస లేదు. నిజమైనదే అనుకుని పోలీసు అధికారి కాల్చాడు, పిల్లవాడు చనిపోయాడు. మరుసటి ఏడాది నవంబరులో క్లీవ్‌లాండ్‌లో ఒక పార్కులో పన్నెండేళ్ల పిల్లవాడు. అతని చేతిలోనూ ఎయిర్‌సాఫ్ట్ పిస్టలే, దానికీ నారింజ కొస లేదు. పోలీసు కారు వచ్చి ఆగిన రెండు సెకన్లలోనే తూటా తగిలింది. ఆ పిల్లల తప్పని నేను అనడం లేదు, ఎవరూ అనకూడదు. వాళ్లు చిన్నపిల్లలు.

ఆ ఇద్దరి వయసూ తలుచుకుంటే, అందం కోసం ఆ రంగు తీయడానికి నాకు చేతులు రావు. రంగు ఉన్నంత మాత్రాన భద్రమనీ అనుకోను. చీకట్లో అది కనిపించదు, నిజం తుపాకీకీ ఎవరైనా రంగు పూయగలరు. కాబట్టి అసలు జాగ్రత్త ఒకటే: ఇంట్లో, ఫీల్డులో తప్ప మరెక్కడా ఇది సంచిలోంచి బయటికి రాకూడదు. కారులో వెళ్లేటప్పుడు జిప్పు వేసిన సంచిలో, డిక్కీలో. పెట్రోలు బంకులో డిక్కీ తెరిచి స్నేహితుడికి చూపించడం లాంటివి వద్దు. ఫీల్డు నుంచి తిరిగి వస్తూ భోజనానికి ఆగితే చెస్ట్ రిగ్ కూడా విప్పి లోపల పెట్టండి.

పిల్లలున్న ఇల్లు కదా. గోడ మీద అలా పెడితే భయం లేదా?

ఆ గదికి తాళం ఉంది. తాళంచెవి నా దగ్గరా, మా ఆవిడ దగ్గరా. గోడకు వేలాడే ఏ గన్‌లోనూ మ్యాగజైన్ ఉండదు, బ్యాటరీ ఉండదు. తగిలించేముందు గొట్టంలో బీబీ మిగల్లేదని ఒకసారి ఖాళీగా కాల్చి చూస్తాను. ఏఈజీలో మ్యాగజైన్ తీసినా ఒక బీబీ లోపలే ఉండిపోవచ్చు. చాలామందికి తెలియనిది అదే. బీబీలూ గ్యాసూ వేరే అరలో ఉంటాయి. గోడ కిటికీకి ఎదురుగా లేదు, వీధిలోంచి కనిపించదు.

మా అబ్బాయికి ఎనిమిదేళ్లు. వాడికి గన్ ఇవ్వను. కానీ గాగుల్స్ పెట్టుకోకుండా గదిలోకి రాకూడదని, గొట్టం ఎప్పుడూ మనిషి వైపు ఉండకూడదని, వేలు ట్రిగ్గర్ మీద కాదు పక్కన ఉండాలని ఇప్పటికే వాడికి తెలుసు. బీబీలు బరువుల వారీగా డబ్బాల్లో పోసిపెట్టడం వాడి పని. ఇంకో జాగ్రత్త కూడా నేర్పాం: మా ఇంట్లో తుపాకులున్నాయని బడిలో గొప్పగా చెప్పకూడదు. ఈ దేశంలో బడి, తుపాకీ అనే రెండు మాటలు ఒకచోట వినిపిస్తే ఎవరూ తేలిగ్గా తీసుకోరు, తీసుకోకూడదు కూడా.

వీడియో కాల్‌లో వెనకాల ఆ గోడ కనిపిస్తే ఆఫీసులో ఏమనరూ?

ఆ గదిలోంచి ఆఫీసు కాల్స్ తీసుకోను. 2020లో కొలరాడోలో ఆన్‌లైన్ క్లాసులో బొమ్మ తుపాకీ కనిపించిందని పన్నెండేళ్ల పిల్లవాణ్ణి బడి నుంచి కొన్ని రోజులు సస్పెండ్ చేశారు, పోలీసులు ఇంటికి వెళ్లారు. పిల్లలున్న ఇళ్లలో ఇది గుర్తుంచుకోండి. అత్తయ్యకో పిన్నికో చూపించాలంటే ఫోను పట్టుకుని నేనే ఆ గదిలోకి వెళ్తాను.

పెరట్లో ప్రాక్టీసు చేసుకోవచ్చా?

మీ ఊరి నిబంధనలు, హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) నిబంధనలు చదివాకే. ఇక్కడ చాలా ఊళ్లలో ఎయిర్ గన్లను ఇళ్ల మధ్య కాల్చడం మీద ఆంక్షలున్నాయి. చట్టం ఒప్పుకున్నా, కంచె అవతల నుంచి చూసినవాళ్లకు అది ఎయిర్‌సాఫ్ట్ అని తెలియదు, 911కి, అంటే పోలీసులకు, ఫోన్ చేస్తారు. నేను గ్యారేజీ తలుపు మూసి, అట్టపెట్టెలో పాత దుప్పటి వేలాడదీసి, దాని ముందు కాగితం అంటించి కాలుస్తాను. బీబీలు దుప్పటికి తగిలి పెట్టెలోనే పడతాయి. వాటిని ఏరి మళ్లీ వాడకండి. కంటికి కనపడని గీత, నలుసంత ఇసుక చాలు, గొట్టం పాడవుతుంది.

గ్యాసు, బ్యాటరీలు ప్రమాదం కాదా?

గ్రీన్ గ్యాస్ అని అమ్మేది ప్రొపేనే, అందులో కొంచెం సిలికాన్ నూనె కలుపుతారు. అంటే వంటగ్యాసుకు దగ్గరిదే, నిప్పు అంటుకుంటుంది. ఎండలో కారులో వదలకూడదు. జులైలో డల్లాస్‌లో ఆపిన కారు లోపల ఎంత వేడో ఇక్కడ ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. చలికాలం దీనికి రివర్సు. చల్లగా ఉంటే గ్యాసు ఒత్తిడి పడిపోతుంది, స్లైడు సగం దూరమే కదులుతుంది. హైకాపా మ్యాగజైన్లను ఆటకు ముందు జాకెట్ లోపలి జేబులో పెట్టుకుంటే ఆ ఇబ్బంది తగ్గుతుంది. నిల్వ ఉంచేటప్పుడు మ్యాగజైన్‌లో కొంచెం గ్యాసు ఉంచండి, రబ్బరు సీళ్లు ఎండిపోవు.

లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీలకు ఇంకా శ్రద్ధ కావాలి. నేను వాడేది 7.4 వోల్టులది, రెండు సెల్‌లు. నిండుగా ఉంటే సెల్‌కు 4.2 వోల్టులు. 3.0 కన్నా కిందికి దిగనివ్వకూడదు. వారాల తరబడి పక్కన పెట్టాలంటే 3.8 దగ్గర ఉంచాలి. ఆ పని చేసే స్టోరేజ్ మోడ్ ఉన్న, సెల్‌లన్నిటినీ సమానంగా నింపే బ్యాలెన్స్ ఛార్జర్ కొనండి. నిప్పుకు తట్టుకునే సంచిలో పెట్టి, మనిషి దగ్గరున్నప్పుడే ఛార్జింగ్ పెట్టండి. ఉబ్బిన బ్యాటరీని ఒక్కసారి కూడా వాడొద్దు. 11.1 వోల్టులది పెడితే వేగం పెరుగుతుంది కానీ, మామూలు గేర్‌బాక్సుల పళ్లు విరిగే ప్రమాదం ఉంది.

ఎంత ఖర్చవుతుంది?

మొదలుపెట్టడానికి మంచి ఏఈజీ 150 నుంచి 250 డాలర్లు. గాగుల్స్, మాస్కు, బ్యాటరీ, ఛార్జర్, బీబీలు కలిపితే ఇంకో 150. నాలుగు వేల బీబీలంటే 0.25 గ్రాములవి సరిగ్గా ఒక కిలో. ముందు ఫీల్డులో అద్దెకు తీసుకుని ఆడి చూడండి. నచ్చితే కొనండి. గోడ నింపాలన్న తొందర వద్దు. నా గోడ ఏళ్ల మీద నిండింది, ఒకటి బాగా అర్థమయ్యాకే ఇంకోటి కొన్నాను.

మేం న్యూజెర్సీలో ఉంటాం. మా దగ్గరా ఇవే నిబంధనలా?

కావు. రాష్ట్రం మారితే చట్టం మారుతుంది. న్యూజెర్సీ గాలితో పనిచేసే తుపాకుల విషయంలో చాలా కఠినం, కొనేముందే అక్కడి చట్టం తెలిసినవాళ్లను అడగండి. కాలిఫోర్నియాలో 2016 నుంచి నారింజ కొసతో పాటు గన్ మీద ఇంకొన్ని చోట్ల కూడా మెరిసే రంగు ఉండాలి. శాంటా రోసా ఘటన తర్వాత వచ్చిన చట్టం అది. లండన్‌లో ఉన్న మన వాళ్లకు పద్ధతి వేరు: నిజం తుపాకీలా కనిపించేది కొనాలంటే ఫీల్డుల్లో క్రమం తప్పకుండా ఆడేవాళ్లమని చూపించాలి, లేదంటే సగానికి పైగా మెరిసే రంగు పూసినదే దొరుకుతుంది. ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్లు ఈ సరదా మర్చిపోవడమే మేలు, అక్కడ ఎయిర్‌సాఫ్ట్‌కు అనుమతి లేదు.

అన్నా, వచ్చేటప్పుడు హైదరాబాద్‌కు ఒకటి తేవా?

తేను తమ్ముడూ. మన దేశంలో 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కర్లేని ఎయిర్ గన్‌కు హద్దు 20 జౌళ్ల శక్తి, 0.177 అంగుళాల గొట్టం. అంటే 4.5 మిల్లీమీటర్లు. ఎయిర్‌సాఫ్ట్ శక్తి ఆ హద్దుకు చాలా కిందే, కానీ గొట్టం 6 మిల్లీమీటర్లు. కస్టమ్స్ దగ్గర పెట్టె తెరిస్తే వాళ్లకు కనిపించేది తుపాకీ ఆకారమే. శంషాబాద్‌లో దిగీ దిగగానే ఆ వివరణ ఇచ్చుకునే పరిస్థితి నీకూ వద్దు, నాకూ వద్దు. మిలిటరీ రంగుల బట్టలు కూడా తేను, అక్కడ వాటి చుట్టూ వేరే చట్టాలున్నాయి.

నీకు గురి మీద నిజంగా ఇష్టముంటే దానికి అక్కడే మంచి దారి ఉంది. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకో. మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది అందులోనే. ఆయన పెట్టిన గన్ ఫర్ గ్లోరీ అకాడమీ ఉంది. కోచ్ ఉంటారు, రేంజ్ ఉంటుంది, పద్ధతి ఉంటుంది. గురి విషయంలో అక్కడ నేర్చుకునే దాంట్లో పదో వంతు కూడా నా దగ్గర లేదు.

దసరాకి ఆయుధ పూజలో వీటిని పెడతావా?

ఇది మా అమ్మ ప్రశ్న. గన్లను పెట్టను. కారు తాళాలు, లాప్‌టాప్, మా ఆవిడ కుట్టు మిషను పక్కన నా స్క్రూడ్రైవర్ల పెట్టె, గాగుల్స్ పెట్టి పసుపూ కుంకుమా పెడతాను. అన్నం పెట్టే పనిముట్లకు, ఒంటిని కాపాడే వాటికి దణ్ణం పెట్టుకోవడం నాకు సబబుగా తోస్తుంది. అమ్మకూ అదే నచ్చింది.

ఒకసారి పట్టుకుని చూడొచ్చా?

తప్పకుండా. గోడ కట్టింది చూపించడానికే. గాగుల్స్ తలుపు పక్కన బుట్టలో ఉంటాయి, ముందు అవి పెట్టుకోండి. నేను మ్యాగజైన్ లేదని చూపించి, ఖాళీగా కాల్చి మీ చేతికిస్తాను. మీరూ ఒకసారి చూసుకోండి. నా మాట నమ్మి ఊరుకోవద్దు. గొట్టం గోడ మూల వైపు, వేలు ట్రిగ్గర్ బయట. ఫోటో కావాలంటే తీసుకోండి కానీ, ఒకరి మీదికి ఒకరు గురిపెట్టిన ఫోటోలు మా ఇంట్లో తీయనివ్వను. త్రీ నాట్ త్రీ కావాలంటే రెండు చేతులతో అందుకోండి, చూసినదాని కన్నా బరువుంటుంది.